వార్త మోయువాడు, వార్త వినువాడు

(ధ్యానమునకు: 2 సమూయేలు 18:19–33; లూకా 13:1–5)

దావీదు రాజు గుమ్మమునొద్ద కూర్చుండి యుద్ధవార్త కొరకు కనిపెట్టిన దినమును బైబిలు చదువువారందరు ఎరుగుదురు. ఆ దినమున ఇద్దరు మనుష్యులు ఆయనయొద్దకు పరుగెత్తి వచ్చిరి. సాదోకు కుమారుడైన అహిమయస్సు వెనుక బయలుదేరియు, మైదానపు మార్గమున పరుగెత్తి ముందుగా చేరెను. జయము కలిగినదని సంతోషముతో చెప్పెను. అయితే రాజు తన కుమారుడైన అబ్షాలోము క్షేమమును అడిగినప్పుడు, గొప్ప అల్లరి జరుగుట చూచితినిగాని అదేమో తెలియదని తప్పించుకొనెను. రాజకుమారుడు చనిపోయెనని యోవాబు అతనితో ముందే చెప్పియుండెను. పిమ్మట వచ్చిన కూషీయుడు మాత్రము దాచక చెప్పెను. ఆ మాట రాజు గుండెను చీల్చెను గాని, నిజమైన వార్త అదియే.

వేగముగా వచ్చు వార్త ఒకటి, నిజముగా వచ్చు వార్త మరియొకటి. నేటి దినములలో పొలము గట్టుమీద కూర్చున్న కూలివాని చేతిలోను ఫోను ఉన్నది. ఎక్కడనో యుద్ధము జరిగిన గంటలోపలనే మన పల్లెలో దాని బొమ్మలు చూచుచున్నాము. చూచి, అయ్యో అని, వ్రేలితో పైకి త్రోసి, తరువాతి బొమ్మకు పోవుచున్నాము. గనుక ఈ నెల ఒక ప్రశ్నను మీ యెదుట ఉంచగోరుచున్నాను. ఇతరుల శ్రమను చూచి చెప్పుట మాత్రమే పనిగా గలవాడు దేవుని యెదుట ఎట్టివాడు? దానిని విని ఊరకుండువాడు నిర్దోషియా?

ఈ ప్రశ్నను ఆలోచించుటకు రేడియోలో మాటలాడుటయే వృత్తిగా గలిగిన ఒక మనుష్యుని జీవితము మనకు సహాయపడును. ఆయన ఎడ్వర్డ్ ఆర్. మర్రో. 1908లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రమున క్వేకరు సంఘమునకు చెందిన పేద రైతుల యింట జన్మించెను. యౌవనమున అడవిలో కలప నరుకు కూలీలతో పనిచేసెను. హిట్లరు అధికారమునకు వచ్చిన తరువాత జర్మనీలో ఉద్యోగములు పోగొట్టుకొనిన పండితులను ఆదుకొను ఒక కమిటీలో 1933 మొదలుకొని పనిచేసెను. 1937లో సి.బి.ఎస్. అను రేడియో సంస్థ ఆయనను లండనుకు పంపెను. ఆ తరువాత లోకమును కుదిపిన సంగతులు ఆయన కన్నులయెదుటనే జరిగెను.

చెప్పుట కూడ ఒక సేవయా?

1940 సెప్టెంబరు 7 మొదలుకొని జర్మను విమానములు లండను నగరముమీద వరుసగా 57 రాత్రులు బాంబులు కురిపించెను. ఇండ్లు కూలుచుండగా కొందరు మంటలు ఆర్పిరి, కొందరు గాయపడినవారిని మోసిరి. మర్రో మేడలమీద నిలిచి, చూచినది చూచినట్లు రేడియోలో చెప్పెను. ఇల్లు కాలుచుండగా నీళ్లకుండ ఎత్తక, మంట ఎంత ఎత్తుగా నున్నదో వర్ణించువానిని మనము ఏమందుము? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనిని తేలికగా త్రోసివేయరాదు.

అయితే ఆయన చెప్పిన విధమును చూడుడి. ఆ సంవత్సరము ఆగస్టు 24 రాత్రి ఆయన ట్రఫాల్గర్ స్క్వేరునొద్దనున్న సెయింట్ మార్టిన్ దేవాలయపు మెట్లమీద నిలిచెను. ఆ దేవాలయపు నేలమాళిగ ప్రజలకు ఆశ్రయముగా తెరువబడియుండెను. అపాయసూచన కూయుచుండగా ఆయన మైకును నేలకు దించి, ఆశ్రయమునకు పోవువారి అడుగుల చప్పుడును వినిపించెను. జనులు పరుగెత్తుట లేదు, నడచుచున్నారు. సముద్రమునకు ఆవల కుటుంబములతో కూర్చున్న అమెరికావారు ఆ అడుగులను విని, లండను ప్రజల ధైర్యమును ఎవరును పొగడకుండగనే గ్రహించిరి.

అప్పటికి అమెరికా యుద్ధములో చేరలేదు. అది మన యుద్ధము కాదని అనేకులు తలంచుచుండిరి. 1941 డిసెంబరులో ఒక విందుసభయందు ఆర్చిబాల్డ్ మెక్లీష్ అను కవి మర్రోను గౌరవించుచు, ఆయన లండను మంటలను అమెరికావారి యిండ్లలో మండించెననియు, దూరమున జరుగునది నిజముగా జరుగునది కాదను మూఢనమ్మకమును పడగొట్టెననియు చెప్పెను. ఆ మాటలో గొప్ప సత్యమున్నది. వార్త మోయువాడు నీళ్లకుండ మోయడు. గాని నిద్రించుచున్న ఊరిని లేపి, వేయి కుండలను కదిలించును. యెహెజ్కేలు 33వ అధ్యాయములోని కావలివాని పని అదియే. ఖడ్గము వచ్చుట చూచి బూర ఊదనియెడల రక్తాపరాధము అతనిమీదనే నిలుచును. అతడు ఖడ్గమును ఆపలేకపోయినను బూర ఊదవలెను.

అయితే ఒక నియమము కలదు. సాక్షి తన పక్షమువారి మేలునే చెప్పి, ఎదుటివారి బాధను దాచినయెడల అతడు సాక్షి కాడు. 1943 డిసెంబరులో మర్రో బ్రిటిషు బాంబర్ విమానమెక్కి బెర్లిను మీదికి వెళ్లెను. ఆ రాత్రి అట్లు వెళ్లిన విలేఖరులలో కొందరు తిరిగి రాలేదు. మరునాడు ఆయన రేడియోలో జయధ్వని చేయలేదు. తాను చూచినది నరకమువంటిదని చెప్పెను. ఆకాశములో మనుష్యులు చనిపోవుచుండగా, క్రింద నేలమాళిగలలో మనుష్యులు కాలిపోవుచున్నారను మాట కూడ చెప్పెను. లండను మంటలను చూచిన కన్నులే బెర్లిను మంటలను చూచెను. శత్రువు బిడ్డ కాలినను బిడ్డయే. మన కులము, మన సంఘము, మన ఊరు అను మాటలు నోటికి వచ్చినప్పుడెల్ల ఈ సంగతిని జ్ఞాపకము చేసికొందము.

మాకు తెలియలేదు అనువారు

1945 ఏప్రిల్ 12న మర్రో జర్మనీలో వైమారు పట్టణమునకు సమీపముననున్న బూకెన్వాల్డు నిర్బంధ శిబిరమును చూచెను. ఒకప్పుడు ఎనుబది గుఱ్ఱములకు శాలగా నుండెనని చెప్పబడిన కట్టడములో పన్నెండువందల మనుష్యులు, ఒక్కొక్క పడకమీద ఐదుగురు చొప్పున పడియుండిరి. ఒక్క నెలలో వారిలో 242 మంది మరణించిరని ఆయనకు చెప్పిరి. పసిపిల్లల చేతులమీద అంకెలు పొడిచియుండెను. శవములు కట్టెలవలె పేర్చబడియుండెను. ఆయన మూడు దినములు ఆగి, ఏప్రిల్ 15న మాటలాడెను. తాను చెప్పినది నమ్ముడని వినువారిని వేడుకొనెను. చూచినదానిలో కొంతయే చెప్పితిననియు, మిగిలినదానికి తనయొద్ద మాటలు లేవనియు చెప్పెను. వినువారికి నొప్పి కలిగినయెడల అందుకు తాను చింతింపననెను.

అంత మాటకారి తన మాటలు చాలవని ఒప్పుకొనుట గమనింపదగినది. దుఃఖమును అలంకరించి చెప్పువానికి దుఃఖము తెలియదు. యోబు స్నేహితులు కూడ ఏడు దినములు నోరు తెరువక నేలమీద కూర్చున్నంతకాలము మంచివారుగానే యుండిరి.

మరియొక సంగతి ఆయన చెప్పెను. ఆ శిబిరము చుట్టుపట్లనున్న జనులు మంచి బట్టలు కట్టుకొని, కడుపునిండ తినినవారివలె కనబడిరట. ఆయన ప్రసారము జరిగిన మరునాడు, అనగా ఏప్రిల్ 16న, అమెరికా సైన్యాధికారులు వైమారు పట్టణపు పౌరులను సుమారు వేయిమందిని నడిపించి తెచ్చి ఆ శిబిరమును చూపించిరి. వారిలో అనేకులు తమకు తెలియలేదనిరి. కొన్ని మైళ్ల దూరములోనే యుండియు తెలియలేదట! దేవుని వాక్యము సామెతలు 24:11–12లో ఇట్టి జవాబును ముందే ఎరిగియున్నది. చావునకు ఈడ్వబడువారిని తప్పింపక, మాకు తెలియదని చెప్పినను, హృదయములను శోధించువాడు దానిని గ్రహించును, ప్రతివానికి వాని క్రియలకు తగిన ప్రతిఫలమిచ్చును అని అక్కడ చదువుచున్నాము.

ప్రియులారా, తెలియకపోవుట రెండు విధములు. తెలిసికొనుటకు మార్గము లేక తెలియకపోవుట ఒకటి. తెలిసికొనినయెడల ఏదైన చేయవలసివచ్చునని ముఖము త్రిప్పుకొనుట రెండవది. మొదటిదానిని దేవుడు క్షమించును. రెండవది పాపమే. పై దేశములోని యుద్ధమును ఫోనులో పూర్తిగా చూచి, పక్కవీధిలో విధవరాలి పొయ్యి రెండు దినములనుండి వెలుగలేదని ఎరుగనివాడు వైమారు పౌరునికి ఎంత దూరము?

నిజమునకును అబద్ధమునకును నడుమ

వార్త చెప్పువాడు ఏ పక్షమునకును మొగ్గక నడుమ నిలువవలెనని సామాన్యముగా చెప్పుదురు. ఇది మంచి సూత్రమే. కాని దానికి హద్దు కలదు. 1950లో జోసెఫ్ మెకార్తీ అను సెనేటరు, ప్రభుత్వ కార్యాలయములలో కమ్యూనిస్టులున్నారనియు వారి జాబితా తనచేతిలో నున్నదనియు ప్రకటించెను. ఆ దినములలో అనుమానమే నేరమాయెను. 1953లో వైమానికదళపు యువ అధికారి ఒకనిని ఉద్యోగమునుండి తొలగింపనుద్దేశించిరి. అతడు చేసిన తప్పేమనగా, అతని తండ్రిమీదను సహోదరిమీదను ఎవరో ఆరోపణ చేసిరి. ఆరోపించినవారెవరో చెప్పలేదు. సాక్ష్యము మూసిన కవరులోనే యుండెను, దానిని విప్పి చూపలేదు. ఆ అక్టోబరులో మర్రో ఆ యువకుని కథను టెలివిజనులో చూపెను. కొద్ది వారములలో అతని ఉద్యోగము అతనికి నిలిచెను.

1954 మార్చి 9న ఆయన మెకార్తీ విషయమే ఎత్తుకొనెను. తన కోపమును వెళ్లగ్రక్కలేదు. ఎక్కువగా ఆ సెనేటరు మాటలాడిన దృశ్యములనే చూపి, వాస్తవమును వాటి పక్కన ఉంచెను. ఆరోపణ వేరు, రుజువు వేరు అని జ్ఞాపకము చేసెను. ఈ భయమును సెనేటరు పుట్టింపలేదు, ఉన్న భయమును వాడుకొనెను, కాబట్టి తప్పు అతనిది మాత్రమే కాదని చివర చెప్పెను. మర్రోకు ముందే మాటలాడి నష్టపోయినవారు అనేకులు కలరు, వారిని మరువరాదు. ఆ సంవత్సరము డిసెంబరు 2న సెనేటు 67 ఓట్లకు 22 ఓట్లతో మెకార్తీని అభిశంసించెను.

మోషే ధర్మశాస్త్రము ఈ విషయమున ఎంత స్పష్టముగా నున్నది! నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటి వచనములలో, లేనివార్తను పుట్టింపకూడదనియు, కీడుచేయుటకు సమూహమును వెంబడింపకూడదనియు ఆజ్ఞ కలదు. ద్వితీయోపదేశకాండము 19:15 ప్రకారము ఒక్కని సాక్ష్యము చాలదు. తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు 18:20 చెప్పుచున్నది. అబద్ధమును ఒకవైపున, నిజమును మరియొకవైపున ఉంచి, రెండింటిని సమానముగా తూచి నేను నడుమనున్నానని చెప్పువాడు న్యాయాధిపతి కాడు, చేతులు కడుగుకొనిన పిలాతు.

మన గ్రామములలో సెనేటర్లు లేరు. మూసిన కవర్లు మాత్రము చాల ఉన్నవి. ఒక ఆడపిల్లనుగూర్చి బావియొద్ద పుట్టిన మాట సాయంకాలమునకు ఫోనులలో ఊరంతయు తిరుగును. ఎవడు చూచెనని అడుగుడి, ఎవడును చూడలేదు. అందరు విన్నవారే. పంపుటకు ఒక క్షణము చాలును, ఆ కుటుంబము తల ఎత్తుకొనుటకు సంవత్సరములు చాలవు. తొమ్మిదవ ఆజ్ఞ రాతిపలకలమీద వ్రాయబడినది గాని, అద్దపు పలకలకు వర్తింపదని ఎవరును తలంపకూడదు.

సాక్షి కూడ తొట్రిల్లును

1960 నవంబరు 25న, అనగా అమెరికావారు కృతజ్ఞతార్పణ పండుగ విందు చేసిన మరునాడు, మర్రో పంటకోత కూలీలనుగూర్చిన ఒక చిత్రమును చూపెను. ఆ కూలీలు ఫ్లోరిడా మొదలుకొని పంటవెంబడి ఉత్తరమునకు వలసపోవుదురు. దేశమునకంతటికి కూరగాయలు, పండ్లు కోయుదురు. తమ పిల్లలకు మాత్రము పాలు పోయలేరు. పంట కోయుటకు వీరికి బలమున్నది గాని చట్టములు మార్చుటకు బలము లేదు, చూచుచున్న మనకు ఉండవచ్చును అను భావముతో ఆయన ముగించెను. యాకోబు 5:4లో మొఱపెట్టు కోతవారి కూలి మనకు జ్ఞాపకమునకు వచ్చుచున్నది గదా.

ఇంతటివాడు మరుసటి సంవత్సరము ఏమి చేసెనో కూడ చెప్పవలెను. చెప్పనియెడల మనము అహిమయస్సులమగుదుము. 1961లో అధ్యక్షుడు కెన్నెడీ ఆయనను పరదేశములకు అమెరికానుగూర్చి తెలియజేయు ప్రభుత్వ సంస్థకు అధిపతిగా నియమించెను. బి.బి.సి. ఆ కూలీల చిత్రమునే ఇంగ్లండులో చూపబోవుచుండగా, దానిని చూపవద్దని ఆయనయే ఆ సంస్థ అధికారిని కోరెను. దేశమునకు అవమానము కలుగునని భయపడెను కాబోలు. బి.బి.సి. ఆ మనవిని అంగీకరింపక చిత్రమును చూపెను.

మెకార్తీకి వెరవనివాడు ఒక కుర్చీకి వెరచెను. దీనినిబట్టి ఆయనను హేళనచేయుట సులభము. గాని దీనినుండి నేర్చుకొనవలసినది మనమే. బయటనున్నప్పుడు నిజము పలుకుట ఒక పరీక్ష. లోపలికి చేర్చబడి, పదవి పొంది, మన సంస్థ పరువు అను మాట చెవినబడినప్పుడు నిజము పలుకుట అంతకంటె కఠినమైన పరీక్ష. సంఘపెద్దలారా, కాపరులారా, ఇది మన విషయమే. సంఘమునకు అవమానమని దాచిన సంగతులవలన అవమానము తగ్గునా, పెరుగునా? దావీదు పాపమును దావీదు సింహాసనము దాచలేకపోయెను. దేవుడు నాతానును పంపెను.

వినువాని బాధ్యత

1958 అక్టోబరు 15న మర్రో షికాగోలో తన వృత్తిలోనివారి సభయెదుట మాటలాడెను. టెలివిజను జనులకు బోధింపగలదు, వెలుగునియ్యగలదు, ప్రేరేపింపగలదు, అయితే మనుష్యులు దానిని అందుకొరకు వాడ నిశ్చయించుకొనినంతవరకే, లేనియెడల అది తీగెలు, దీపములు గల పెట్టెయే అని ఆయన భావము. ఆ సభలో అది చాలమందికి రుచింపలేదు. ఆయన 1965 ఏప్రిల్ 27న మరణించెను. నేడు ఆ పెట్టె మన జేబులోనికి వచ్చెను గాని, ఆ మాట మారలేదు.

ఏథెన్సువారు క్రొత్త సంగతులు చెప్పుటయందును వినుటయందును మాత్రమే కాలము గడుపుచుండిరని అపొస్తలుల కార్యములు 17:21లో ఉన్నది. అంత విన్నను వారిలో ఎక్కువమంది మారలేదు. ప్రభువైన యేసునొద్దకు కూడ వార్తలు తెచ్చువారు వచ్చిరి. పిలాతు గలిలయులను చంపించిన వార్తను లూకా 13వ అధ్యాయములో కొందరు ఆయనకు చెప్పిరి. ప్రభువు ఆ వార్తను చర్చనీయాంశముగా చేయలేదు. సిలోయములో గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయిన సంగతిని తానే చేర్చి, చచ్చినవారు మీకంటె పాపులని తలంచుచున్నారా, మీరు మారుమనస్సు పొందుడి అనెను. వార్తను తెచ్చినవారియొద్దకే వార్తను త్రిప్పి పంపెను. ప్రతి వార్త చివర మన పేరు వ్రాయబడియున్నది, మనము అంతవరకు చదువము.

పల్లెటూరివారము, పూట గడుచుటయే కష్టము, లోకపు దుఃఖమంతయు మేమెట్లు మోయుదుమని మీరడుగవచ్చును. మోయలేరు. మోయుమని దేవుడు అడుగలేదు. లోకపాపమును మోసినవాడు ఒక్కడే. మంచి సమరయుడు యెరికో త్రోవలో పడియున్నవారందరిని లెక్కింపలేదు, తన త్రోవలో పడియున్న ఒక్కనియొద్ద నిలిచెను. అయితే దూరపువారిని పూర్తిగా మరచుటకు అది సాకు కాదు. అగబు కరవు వచ్చునని చెప్పినప్పుడు అంతియొకయలోని విశ్వాసులు ఏమి చేసిరి? ఎవరి శక్తికొలది వారు యూదయలోని సహోదరులకు సహాయము పంపుటకు నిశ్చయించుకొని, దానిని బర్నబా సౌలుల చేత పంపిరి (అపొ. కార్య. 11:28–30). వార్త వినబడెను, చందా పోగాయెను, మనుష్యులు దానితో బయలుదేరిరి. వార్తను వినవలసిన విధము ఇదియే.

కాబట్టి మూడు చిన్న సంగతులు మనవిచేయుచున్నాను. మొదటిది, ఏ వార్తనైనను ఇతరులకు పంపకమునుపు, దీనిని చూచినవాడెవడు అని అడుగుడి. జవాబు లేనియెడల మీ చేతిలోనే దానిని చావనియ్యుడి. రెండవది, కుటుంబ ప్రార్థనలో దినమునకు ఒక్క వార్తనైనను పేరుపెట్టి దేవుని సన్నిధిలో ఉంచుడి. ప్రార్థించినదానిని వ్రేలితో త్రోసివేయుట కష్టము. మూడవది, నెలకు ఒకసారియైనను విన్నదానికి చేతితో జవాబియ్యుడి. అది పిడికెడు బియ్యమైనను సరే, ఒక రోగియొద్ద గంటసేపు కూర్చుండుటయైనను సరే, అన్యాయముగా నిందింపబడినవాని పక్షమున పదిమందిలో ఒక మాటయైనను సరే.

మనుష్యులలో నమ్మకమైన సాక్షులున్నారు. వారికొరకు దేవునికి స్తోత్రము. వారందరు ఎక్కడనో ఒకచోట తొట్రిల్లుదురు. ప్రకటన 1:5, 3:14 వచనములు నమ్మకమైన సాక్షియని పిలుచునది యేసుక్రీస్తు ప్రభువును మాత్రమే. ఆయన పిలాతు యెదుటను సత్యమును దాచలేదు, దానికి వెలగా తన ప్రాణమునిచ్చెను. మన శ్రమను పరలోకమునుండి చూచి వర్ణించి ఊరకుండక, దిగివచ్చి మన మధ్య నివసించెను. చూచుట, చెప్పుట, చేయుట ఆయనలో ఒక్కటిగా నున్నవి.

ప్రభువా, మా కన్నులకు నీ కనికరమును, మా నాలుకకు నీ సత్యమును, మా చేతులకు నీ పనిని అనుగ్రహించుము. ఆమేన్.